కొబ్బరికాయకీ గుమ్మడికాయకీ మధ్య ఉద్యోగం

1991 ఏప్రిల్‌లో నన్ను జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, యూసుఫ్‌గూడ ప్రాంతాలు చూసే సర్కిల్‌కు సహాయ కార్మిక అధికారిగా బదిలీ చేశారు. అంతకుముందు నల్లగొండ జిల్లాలో రైస్ మిల్లుల చుట్టూ, బీడీ కంపెనీల చుట్టూ తిరిగాను. కార్మిక శాఖలో మా హోదా పెద్దదేమీ కాదు. మా పైన అసిస్టెంట్ కమిషనర్, ఆయన పైన డిప్యూటీ కమిషనర్, ఆ పైన ఇంకా చాలామంది. అయినా ఏ గేటు దగ్గరికైనా వెళ్లి, హాజరు పట్టీ తెచ్చి చూపించమని అడిగే అధికారం చట్టం మా చేతికే ఇచ్చింది. ఆ అధికారమంటే నాకు మహా ఇష్టం. ఆ మాట ఇప్పుడు దాచుకోవడమెందుకు?

ఆర్డరు రాగానే ఆఫీసులో అందరూ నన్ను ఆటపట్టించారు. ఇక మేడమ్ మనతో మాట్లాడరు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని వస్తారు అన్నారు. మా అత్తగారైతే, ఎవరైనా పెద్ద హీరో కనబడితే నేను అడిగానని చెప్పమ్మా అన్నారు, ఆయనేదో మా వీధిలో ఉంటున్నట్టు. నిజానికి నాకు సినిమాలంటే పెద్ద ఆసక్తి లేదు. హాల్లో ఫ్యాను కింద కూర్చుంటే ఇంటర్వెల్‌కల్లా నిద్రపోయే మనిషిని. ముహూర్తం, క్లాప్, కాల్‌షీట్ లాంటి మాటలు పేపర్లో చదవడమే గానీ ఏనాడూ కళ్లతో చూసింది లేదు.

అప్పటికి పరిశ్రమ చాలావరకు మద్రాసు నుంచి ఇటు వచ్చేసింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటితే ఇంకా బండరాళ్లే. ఒకపక్క రాళ్లు పగలగొడుతుంటే, మరోపక్క పగలగొట్టినచోట గోడలు లేస్తుండేవి. నేను మోపెడ్ మీద ఆ ఎత్తులు ఎక్కలేక సగం దారిలో దిగి నెట్టుకుంటూ వెళ్లేదాన్ని. స్టూడియో ఫ్లోర్లలో, అంటే సెట్లు వేసే పెద్ద హాళ్లలో, పనిచేసే వడ్రంగులు, పెయింటర్లు, మౌల్డింగు వాళ్లు ఎక్కువమంది రహమత్ నగర్, కృష్ణానగర్ ఇరుకు గదుల నుంచి నడిచి వచ్చేవాళ్లు. పొద్దున్నే ఆ గుంపులో పడి నా మోపెడ్ నెట్టుకుంటూ వెళుతుంటే, ఎవరో ఒకరు వెనక నుంచి ఓ చెయ్యి వేసేవాళ్లు.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. కనీస వేతనాల చట్టం కింద ప్రభుత్వం ఒక్కో పరిశ్రమకు మూలవేతనం నిర్ణయిస్తుంది. దాని మీద, ధరలు పెరిగిన మేరకు, ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కరువు భత్యం కలుపుతారు. కొత్త రేట్ల సైక్లోస్టైల్ కాగితాలు మాకు కట్టలుగా వచ్చేవి. వాటిని గేటు గేటుకీ తీసుకెళ్లి అంటించడం, యజమానికి ఒకటిచ్చి సంతకం తీసుకోవడం, పనివాళ్లకు చదివి వినిపించడం మా బాధ్యత. ఆ కాగితంలో అంకెల కన్నా ముఖ్యమైంది తేదీ. ఫలానా తేదీ నుంచి అన్నారంటే ఆ రోజు నుంచే. పనివాడు ఎప్పుడు చేరాడు, ఏ ఒప్పందం మీద చేరాడు అనే ప్రశ్న రాదు.

వేతనం సంగతి అలా ఉంటే, ఉద్యోగ హక్కులకు కొన్ని గీతలున్నాయి. ఆరు నెలలు ఏకధాటిగా పనిచేసిన మనిషిని నోటీసూ కారణమూ లేకుండా తీసెయ్యకూడదు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ. ఇంతమంది పనివాళ్లుంటే ఫలానా చట్టం, ఇంత జీతం లోపలైతే ఫలానా వైద్యం. ఈ గీతలను కూడా ప్రభుత్వం అప్పుడప్పుడూ అటూ ఇటూ జరుపుతుంటుంది. గీతకు ఇవతల ఉన్నవాడిని అవతలికి పోనివ్వకుండా చూడటంలోనే కొందరు యజమానుల తెలివంతా ఖర్చయిపోయేది. రైస్ మిల్లుల్లో ఆ తెలివితేటలన్నీ చూసేశాను, ఇక నన్నెవరూ బోల్తా కొట్టించలేరని ధీమాగా ఉండేదాన్ని.

ఫిల్మ్‌నగర్‌లో నేను మొదట వెళ్లిన స్టూడియో పేరు రాయను. అక్కడి మేనేజర్ మూర్తిగారు భీమవరం వైపు మనిషి. మద్రాసులో చాలాకాలం చేసి, పరిశ్రమతోపాటే ఇటు వచ్చారు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, నుదుట కుంకుమబొట్టు, మర్యాద ఉట్టిపడే మాట. గది బయట వరండా గోడ పొడుగునా ఆ స్టూడియోలో జరిగిన ముహూర్తాల ఫోటోలు ఫ్రేములు కట్టించి పెట్టుకున్నారు. నేను కొత్త రేట్ల కాగితం ఇవ్వగానే కళ్లకద్దుకున్నంత పని చేసి, సంతకం పెట్టి, కాఫీ తెప్పించారు. ఆ తర్వాత చల్లగా అసలు సంగతి చెప్పారు.

"ఇది వచ్చే పిక్చర్ నుంచి ఇస్తామండీ. ఇప్పుడు నడుస్తున్నదానికి నిరుడు కొబ్బరికాయ కొట్టాం కదా. ఆనాటి రేటే గుమ్మడికాయ దాకా."

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పారు. సినిమాకు ముహూర్తం రోజున కొబ్బరికాయ కొడతారు. షూటింగు పూర్తయిన రోజున దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారు. ఈ రెంటి మధ్యదే సినిమా. హీరో నుంచి లైట్‌బాయ్ వరకూ ఒప్పందాలన్నీ కొబ్బరికాయతో మొదలై గుమ్మడికాయతో ముగుస్తాయి. మళ్లీ కొబ్బరికాయ కొడితే మళ్లీ కొత్త ఉద్యోగం. అందుకని మధ్యలో ప్రభుత్వం రేటు పెంచినా, పెరిగిన రేటు తర్వాతి కొబ్బరికాయకే వర్తిస్తుందని వాళ్ల లెక్క. అప్పుడు నడుస్తున్న సినిమా హీరోగారి డేట్లు దొరక్క ఏడాదిగా సాగుతోంది. ఈ మధ్యలో అక్టోబరు రేటు పోయింది, ఏప్రిల్ రేటు కూడా పోబోతోంది.

నేను చట్టం చెప్పాను. చెవినిల్లు కట్టుకుని చెప్పినట్టు చెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. "హీరోగారికి కూడా అంతేనండీ, మధ్యలో మార్కెట్ పెరిగిందని రేటు పెంచమనరు," అన్నారు. ఆయన మొహంలో దొంగతనమేమీ కనబడలేదు. నన్ను మోసం చేస్తున్నానని ఆయన అనుకోవడం లేదు. ఆ పద్ధతిలోనే పుట్టి పెరిగిన మనిషి. మిల్లు యజమానులతో పోట్లాడటం అలవాటైన నాకు ఇదొక కొత్త చిక్కు.

ఊరుకునే మనిషిని కాను గదా. గేటు దగ్గర కాగితం అంటించి, పని వదిలి వచ్చేవాళ్లను ఆపి గట్టిగా చదివాను. అందరూ విని తలలు వంచుకుని వెళ్లిపోయారు. ఒక్క మనిషి ఆగింది. జుట్టు నిండా, కనుబొమల నిండా తెల్లటి పొడి. మౌల్డింగులో పనిచేసే శంకరమ్మ. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి అచ్చుల్లో పోసి స్తంభాలూ దేవుళ్లూ ఏనుగులూ తీసే పని. మెదక్ వైపు నుంచి వచ్చి రహమత్ నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. భర్త పోయాక ఆ గదీ ఈ పనీ తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

"మేడం, గా తేదీ ఇంకోపారి సదువున్రి," అంది.

చదివాను.

"అంటే గీ నెలకెల్లే ఇయ్యాలె గద? మరి మా సారు కొబ్బరికాయ అంటుండు?"

చట్టానికి కొబ్బరికాయ తెలియదు, తేదీ ఒక్కటే తెలుసు అన్నాను. నా మాట నాకే భలే నచ్చింది. శంకరమ్మకూ నచ్చినట్టుంది, మర్నాడే వెళ్లి మూర్తిగారిని అడిగేసింది. మొత్తం సెట్ డిపార్ట్‌మెంట్లో నోరు తెరిచి అడిగింది ఆమె ఒక్కతే.

కొద్దిరోజులకే ఆ సినిమాకు గుమ్మడికాయ కొట్టారు. తర్వాత ఒకరోజు శంకరమ్మ మా ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కొత్త సినిమాకు అందరినీ పిలిచారట, ఆమెను తప్ప.

"పొమ్మన్లేదు మేడం. పొమ్మంటే కొట్లాడుదును. పిలుస్తలేరు, గంతే. నేనే వోతే, ఈ పిక్చర్ల నీ పని లేదమ్మా అన్నరు. పదేండ్ల సంది అండ్లనే చేస్తున్న. ఇప్పుడు కొత్తగ యాడికి వోవాలె?"

ఒళ్లు మండిపోయింది నాకు. మోపెడ్ తీసుకుని నేరుగా స్టూడియోకు వెళ్లాను. మూర్తిగారు ఎప్పటిలాగే కాఫీ తెప్పించారు. "తీసెయ్యలేదండీ, పిలవలేదు. పాత ఉద్యోగం గుమ్మడికాయతో అయిపోయింది. కొత్త ఉద్యోగానికి ఎవర్ని పిలవాలో నిర్మాత ఇష్టం కదండీ," అన్నారు. పెరిగిన కూలీ అడిగిందనే గదా అంటే, ఆయన కాఫీ కప్పు నా వైపు జరిపారు.

శంకరమ్మతో రెండు అర్జీలు పెట్టించాను. ఒకటి తేదీ నుంచి కొత్త రేటు ఇవ్వలేదని, రెండోది కారణం లేకుండా పనిలోంచి తప్పించారని. రెండూ మా అసిస్టెంట్ కమిషనర్ గారి ముందుకే వచ్చాయి. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఒక పెన్సిలు చెవి మీద పెట్టుకుని, దాన్నే గదంతా వెతుకుతుండేవారు. చట్టం మాత్రం ఆయనకు కంఠతా ఉండేది.

మొదటి వాయిదాకు స్టూడియో తరఫున మూర్తిగారే వచ్చి లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. సెట్ పనివాళ్ల నియామకం ప్రతి చిత్రానికీ ముహూర్తం రోజున మొదలై, చిత్రీకరణ ముగిసిన రోజున పూర్తవుతుంది, మధ్య రోజుల్లో వాళ్లకూ మాకూ సంబంధం లేదు అని అందులో ఉంది. హాజరు పట్టీలు కూడా సరిగ్గా అలాగే ఉన్నాయి. ఒక సినిమా గుమ్మడికాయకూ మరో సినిమా కొబ్బరికాయకూ మధ్య నెల, నెలన్నర ఖాళీ. ఒక్కో సినిమాకు ఒక్కో నిర్మాణ సంస్థ పేరు. సినిమా ఏడాది సాగినా గుమ్మడికాయతో ఆ సర్వీసు ముగిసి, కొత్త సినిమాకు ఆరు నెలల గీత మళ్లీ మొదటికి వచ్చేది. అలా పదేళ్ల పని ముక్కలు ముక్కలుగా కనబడింది.

అసిస్టెంట్ కమిషనర్ గారు శంకరమ్మను అడిగారు. "నువ్వు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా పనిచేశావమ్మా?"

"కొబ్బరికాయ కాడికెల్లి గుమ్మడికాయ దాక సారూ," అంది ఆమె తడుముకోకుండా.

అవతలివాళ్లు రాసిచ్చిన జవాబునే ఆమె నోటితో చెప్పింది. తోటి పనివాళ్లను సాక్ష్యానికి రమ్మంటే ఒక్కరూ రాలేదు. వాళ్లను తప్పుపట్టలేను, వచ్చే కొబ్బరికాయకు పిలుపు రాకపోతే వాళ్ల పొయ్యి వెలగదు. వాయిదా అయ్యాక అసిస్టెంట్ కమిషనర్ గారు నన్ను ఉండమని, ఏకధాటి పని అని రుజువు లేకపోతే ఇందులో తాను చెయ్యగలిగింది చాలా తక్కువ అన్నారు. కొత్త రేటు ఒకటి ఇప్పించగలను, ఉద్యోగం ఇప్పించలేను అన్నారు. శంకరమ్మకు కావలసింది రెండూ. ఆ మాట ఆమె నాతో అంతకుముందే చెప్పింది. "పని లేనిదానికి రేటు పెరిగితే నాకేంది మేడం?"

సరిగ్గా అప్పుడే మూర్తిగారు మా ఆఫీసుకు వచ్చి, కొత్త సినిమా ముహూర్తానికి రమ్మని నన్ను పిలిచారు. ఇది లంచం లాంటి పిలుపు కాదు. ఆయన స్వభావమే అంత. కేసు కేసే, శుభకార్యం శుభకార్యమే. "మీరింతవరకు ఒక్క ముహూర్తమూ చూళ్లేదన్నారు కదండీ. ఈ సెట్టు చూడాలి మీరు. మద్రాసులో కూడా ఇలాంటిది వెయ్యలేదు," అన్నారు. వెళ్లవచ్చా అని అసిస్టెంట్ కమిషనర్ గారిని అడిగాను. ఆయన పెన్సిలు వెతుక్కుంటూ, "వెళ్లండి, భోజనం మాత్రం చెయ్యకండి," అన్నారు.

వెళ్లాను. ఫ్లోరు తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే నిలబడిపోయాను. రెండంతస్తుల జమీందారు భవనం. ముందు వరుసగా స్తంభాలు, మధ్యలో పెద్ద మెట్లు, మెట్లకు రెండు పక్కలా తొండాలెత్తిన ఏనుగులు, గుమ్మం మీద గజలక్ష్మి. రాతి భవనం కాదని తెలిసినా చెయ్యి పెట్టి చూడాలనిపించింది. గుమ్మం ముందు ముగ్గు, దీపం, పళ్లెంలో పసుపు రాసిన కొబ్బరికాయ. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. హీరోగారు ఇంకా రాలేదు. ముందువరుసలో నాకు కుర్చీ వేసి, చేతిలో చల్లటి సోడా పెట్టారు.

హీరోగారు వచ్చేలోగా మూర్తిగారు నన్ను సెట్టంతా తిప్పి చూపించారు. కన్నబిడ్డను చూపించినట్టు చూపించారు.

"ఆ స్తంభం తట్టి చూడండి మేడమ్. తడితే గానీ కర్ర అని తెలియదు."

తట్టాను. నిజమే. ఎన్నాళ్లు పట్టిందండీ అన్నాను, ఊరికే మాటవరసకి.

"నెల పైనే అండీ. పోయిన పిక్చరుకి గుమ్మడికాయ కొట్టిన మర్నాడే ఆ కోర్టు సెట్టు విప్పించడం మొదలెట్టాను. అక్కడ విప్పిన చెక్క విప్పినట్టే ఇక్కడ ఎక్కించాం. మనవాళ్లు ఒక్క పూట ఖాళీగా లేరనుకోండి!"

నేను పళ్లెం వైపు చూశాను. కొబ్బరికాయ ఇంకా పగల్లేదు. దాని వెనకాల రెండంతస్తుల ఇల్లు నిలబడి ఉంది. ఆయన మా ఆఫీసులో సంతకం పెట్టిచ్చిన జవాబు ప్రకారం, ఈ క్షణానికి ఈ సినిమాలో ఒక్క పనివాడు కూడా ఉద్యోగంలో చేరలేదు. మరి ఈ ఇల్లు ఎవరు కట్టారు?

చేతిలో సోడా చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఇంత పెద్ద ఇల్లు ఎవరికీ కనబడలేదు. మేనేజరుకూ కనబడలేదు, శంకరమ్మకూ కనబడలేదు. అందరూ కొబ్బరికాయ భాషలోనే మాట్లాడుకుంటూ వచ్చారు. మొదటిసారి ముహూర్తం చూస్తున్న నాకు మాత్రం కొబ్బరికాయ కన్నా ముందు ఇల్లు కనబడింది. సినిమాలంటే నాకు తెలియకపోవడం ఆ ఒక్కరోజు పనికొచ్చింది.

నా సంచిలో తనిఖీ పుస్తకం ఉంది. తియ్యలేదు. శుభకార్యానికి పిలిచినవాళ్ల గుమ్మంలో తనిఖీ చెయ్యడం మర్యాద కాదు. హీరోగారు వచ్చారు, హారతిచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, క్లాప్ కొట్టారు. నేనూ చప్పట్లు కొట్టాను. ప్రసాదం తిని, భోజనం ముట్టకుండా అక్కడి నుంచి నేరుగా రహమత్ నగర్ వెళ్లాను.

శంకరమ్మ గది బయట కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. గుమ్మడికాయ తర్వాత సెట్టు విప్పేది ఎవరమ్మా అని అడిగాను.

"మేమే. ఇంకెవరు ఇప్పుతరు?"

కొబ్బరికాయకు ముందు సెట్టు వేసేది?

"గదీ మేమే మేడం." ఏం అమాయకపు ప్రశ్న అన్నట్టు చూసింది.

మరి సారు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. అరిచానో ఏమో, పక్కగదివాళ్లు తొంగిచూశారు.

"గది లెక్కల రాదంటరు గద! పూజ గాకముందు పట్టీల పేరు రాస్తె పిక్చర్‌కు మంచిది గాదట. దిష్టి తీసినంక గూడ రాయొద్దట. గా దినాలకు చేతిల బత్తా ఇస్తరు. మొదటికెల్లి గట్లనే ఉన్నది, నేను గది పని లెక్కల పడ్తదనుకోలే."

ఆ శకునం నమ్మకం కట్టుకథ కాదు. తర్వాత చాలామందిని అడిగితే అందరూ అదే చెప్పారు. ముహూర్తానికి ముందు పేరు రాస్తే సినిమా ఆగిపోతుందని భయం. శకునం కోసం రాయని రోజులన్నీ చట్టం కళ్లకు చెయ్యని రోజులైపోయాయి. బత్తా అని పేరు పెట్టినా, చేసిన పనికి చేతిలో పెట్టింది కూలీయే. ఆ సంగతి ఆ పూట శంకరమ్మకు చెప్పి, వాయిదాకు తప్పక రమ్మని వచ్చేశాను.

మర్నాడు ఉదయం తనిఖీ పుస్తకంతో అధికారికంగా వెళ్లాను. సెట్టు ఎప్పుడు మొదలైంది, ఎవరు వేశారు, చెక్క ఎక్కడి నుంచి వచ్చింది, అన్నీ మూర్తిగారిని అడిగి రాసుకుని, ఆయనకే చదివి వినిపించి సంతకం పెట్టమన్నాను. "నిజమేనండీ, అబద్ధం ఎందుకు చెబుతాను," అని పెట్టేశారు. అయితే అది కొత్త సినిమా సంగతి, అందులో శంకరమ్మ లేదు. పాత సినిమాలకు కూడా ఇదే పద్ధతని, ఆ పనిలో ఆమె ఉందని చూపించాలి. వెళ్లబోతూ వరండా గోడ దగ్గర ఆగాను. ఫ్రేములన్నిట్లో హీరోలు, పళ్లేలు, పగలని కొబ్బరికాయలు. వాటన్నిటి వెనకా గుళ్లు, కోటలు, కోర్టులు, పెళ్లిమండపాలు, పూర్తయి నిలబడి ఉన్నాయి. ఆ ఫోటోలన్నీ తెప్పించమని అసిస్టెంట్ కమిషనర్ గారిని కోరాను.

రెండో వాయిదాకు మూర్తిగారు ఫోటోలను దుమ్ము తుడిచి, గుడ్డల్లో చుట్టి, జీపులో పెట్టుకుని తెచ్చారు. వాటిని బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కొక్కటీ అసిస్టెంట్ కమిషనర్ గారికి పరిచయం చెయ్యడం మొదలుపెట్టారు. ఇది ఫలానా వారి పిక్చరండీ, శతదినోత్సవం చేసుకుంది. ఇది ఆడలేదు గానీ సెట్టుకి మంచి పేరొచ్చింది. ఆయన గొంతులో గర్వం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఒక ఫోటో దగ్గర ఆగి, గది మూల నిలబడ్డ శంకరమ్మ వైపు తిరిగారు.

"ఇదిగో, ఈవిడేనండీ ఆవేళ ఫోటోకి అడ్డొచ్చింది! ఇటు చూడండి, ఏనుగు పక్కన, ఒళ్లంతా తెల్లపొడితో. ఫోటోగ్రాఫర్ చిందులు తొక్కాడనుకోండి!"

అసిస్టెంట్ కమిషనర్ గారు ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "కొబ్బరికాయ కొట్టారా ఇందులో?"

"ఇంకా లేదండీ, హారతిస్తున్నారు."

"మీ జవాబు ప్రకారం ఈమె పనిలో చేరింది ఆ కొబ్బరికాయ కొట్టాక. కొట్టకముందు అక్కడేం చేస్తోంది?"

"తొండం విరిగితే అతికిస్తోందండీ, మొదటి షాట్ తీసేలోగా..."

అంటూనే ఆగిపోయారు. శంకరమ్మ నెమ్మదిగా, ఎవరినో సముదాయిస్తున్నట్టు అంది. "గా దినం బత్తా గూడ ఇచ్చిండ్రు సారూ, మా సారు మంచోడే."

మూర్తిగారు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. కోపం తెచ్చుకుంటారనుకున్నాను, అదేమీ లేదు. "ఇన్నేళ్లూ కొబ్బరికాయే చూశాం గానీ ఇల్లు చూళ్లేదండీ," అన్నారు. నా మనసులో ఉన్న మాట ఆయన నోటి నుంచి వచ్చేసరికి ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

పై అప్పీలుకు పోకుండా అక్కడికక్కడే ఒడంబడిక రాసుకున్నారు. సెట్టుకు చెక్క దిగిన రోజు నుంచి చివరి మేకు పీకే రోజు వరకూ పనే. పెరిగిన రేటు తేదీ నుంచి, నడుస్తున్న సినిమాలకు కూడా. శంకరమ్మను వెంటనే పనిలోకి తీసుకోవాలి, పట్టీ మీద నిర్మాణ సంస్థ పేరు మారినా మధ్య రోజులన్నీ కలిపి ఆమె పాత సర్వీసు లెక్కించాలి. ఒక్కచోటే చిక్కొచ్చింది. ముహూర్తానికి ముందు పట్టీలో పేర్లు రాయడానికి నిర్మాతలు ఒప్పుకోరని మూర్తిగారు తల పట్టుకున్నారు. అప్పుడు నేనొక మాట అన్నాను. చెక్క దిగిన రోజున వడ్రంగి షెడ్డులో ఇంకో కొబ్బరికాయ కొట్టండి, దాని తర్వాతే పట్టీ తెరవండి. ఎవరికీ అపశకునం ఉండదు.

అసిస్టెంట్ కమిషనర్ గారు నవ్వడం ఆ ఒక్కసారే చూశాను. "శంకరమ్మా, నీకేమైనా అభ్యంతరమా?" అన్నారు.

"నాకేం అభ్యంతరం సారూ. కొబ్బరికాయ నా పైసలతోని గాదు గద!"

తర్వాతి సినిమాకు చెక్క దిగిన రోజున మూర్తిగారు నన్ను పిలిచారు. వెళ్లాను. షెడ్డు ముందు ఓ చిన్న కొబ్బరికాయ, రెండు అగరొత్తులు. ఎవరు కొట్టాలని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, మూర్తిగారే శంకరమ్మను పిలిచి చేతిలో పెట్టారు. ఒక్క దెబ్బకు సగానికి పగిలింది. పట్టీ తెరిచి, పసుపు బొట్టు పెట్టి, మొదటి పేరు ఆమెదే రాశారు. ఆ పూట నాకు కలిగిన గర్వం, తర్వాత ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. అన్ని స్టూడియోలూ మారిపోయాయని చెప్పను. కొన్ని మారాయి, కొన్ని నేను బదిలీ అయ్యేదాకా మొండికేశాయి. నేను కాగితాల కట్టతో ఆ గేటు దగ్గరికి వెళ్లినప్పుడల్లా శంకరమ్మ ముందే నిలబడి, "ఎంత పెరిగింది" అనకుండా "ఏ తేదీకెల్లి మేడం" అని అడిగేది.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. పనికి మొదలెక్కడో యజమానిని అడిగినా, పనివాళ్లను అడిగినా, వాళ్లకు అలవాటైన రోజే చెబుతారు. ఇద్దరూ ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు. ఆ తర్వాత డిప్యూటీ కమిషనర్‌గా పదవీ విరమణ చేసేదాకా కొత్త హోటళ్లకూ, షోరూములకూ, ఆసుపత్రులకూ తనిఖీకి వెళ్లాను. ప్రతిచోటా హాజరు పట్టీ తెరవకముందు నేను అడిగే ప్రశ్న ఒకటే ఉండేది. ఇక్కడ పూజ ఎప్పుడు చేశారని కాదు, పూజ జరిగేనాటికి ఇక్కడ ఎవరెవరు పనిలో ఉన్నారని.